గైరుహాజరు

కొట్టేసిండ్రు అనాలా, పోయింది అనాలా, కొట్టేసిండ్రు అంటే ఎవల్ని కొట్టిండ్రు బిడ్డా అని అడుగుతుందేమో గంగవ్వ, అడిగినా అడుగుతుంది, ఆమె చెవిలో సగం మాటే పడుతుంది, మిగతా సగం ఎదుటివాళ్ల ముఖం చూసి తనే పూరించుకుంటుంది, డిస్మిస్ అయిందంటే అసలే తెలియదు, అందుకని పోయింది అందాం, కేసు పోయిందవ్వా, అంతే, పక్కన కూర్చొని, చేయి పట్టుకొని, మెల్లగా, అని ముస్కాన్ బస్సు కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుతూ సాధన చేస్తుంటే, పక్క సీట్లో ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకున్న ఆమె ఈ పిల్ల దువా చదువుకుంటోంది కాబోలు అనుకొని కాస్త జరిగి చోటిచ్చింది, బస్సు వర్ని దాటింది, రోడ్డుకు రెండు పక్కలా యాసంగి వరి కోసేసిన మళ్లు, కొయ్యకాళ్లు తగలబెట్టిన నల్లటి మచ్చలు, చేతిలో చెమటకు మెత్తబడ్డ, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు, ఇందాక కండక్టరుకు ఆధార్ కార్డు చూపించబోతే ముందు కాలేజీ కార్డు చేతికొచ్చింది, నల్ల కోటు, తెల్ల బ్యాండు, లా మూడో సంవత్సరం, ఆ ఫొటో దిగిన రోజు అమ్మీ దాన్ని ఫోన్లో పెట్టుకొని హమారీ వకీల్ సాబ్ అంటూ గల్లీ అంతా తిప్పింది, గంగవ్వ ఫోన్ని కళ్ల దగ్గరికి లాక్కొని, జడ్జి లెక్కనే ఉన్నది నా బిడ్డ, అంది, అరిచినట్టే అంది, చెవులు వినబడని వాళ్లు తమ గొంతు ఎంత పెద్దదో తామెరగరు కదా.

అసలు గంగవ్వను ఈ కేసులోకి లాక్కొచ్చింది తానే, ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ముస్కాన్ మనసు ప్రతిసారీ మొరాయిస్తుంది, తప్పుకొని శ్రీనివాస్ సార్ మీదికి పోతుంది, ఆయన కదా క్లాసులో చెప్పింది, ఈ ఏడు ప్రాక్టికల్ పేపరుకు ఉత్తుత్తి కేసులు రాసి తెస్తే నడవదు, బీదోళ్లు, ఏదో వస్తువు కొని మోసపోయినోళ్లు, వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనోళ్లు మీ ఊళ్లల్లనే ఉంటరు, ఒక్కొక్కరు ఒక్కో క్లయింటును పట్టుకరండి, ఫిర్యాదు మీరే రాయాలె, వినియోగదారుల కమిషన్ ముందట మీరే నిలబడి మాట్లాడాలె, నేను వెనకుంట, అని, పట్టుకరండి అన్నాడు, సరిగ్గా ఆ మాటే అన్నాడు, అందరూ నవ్వారు, తానూ నవ్వింది, ముస్కాన్‌కు వెతికే పనే లేకపోయింది, బాన్సువాడలో వాళ్ల ఇంటి గోడకు గోడ గంగవ్వ ఇల్లు, ఇరవై ఏళ్లుగా అమ్మీ, గంగవ్వ ఒకే నీడన చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు, పోయిన వానాకాలం ఫంక్షన్ హాల్లో ఉచిత చెవి పరీక్షలు అంటూ ఆటోకు మైకు కట్టి తిప్పారు, గల్లీలో గంగవ్వకు వినబడ్డది ఆ మైకు ఒక్కటే, అక్కడికి పోయింది, తెల్లకోటు వేసుకున్న ఒకాయన చెవి వెనక మిషిన్ తగిలించి అవ్వా బాగున్నవా అన్నాడట, అంత దగ్గరగా ఒక మనిషి మాట విని ఎన్నేళ్లయిందో, ఆమెకు ఏడుపొచ్చింది, బీడీల పీఎఫ్ తీసి కొనుక్కుంది, పదహారు రోజులు పనిచేసింది, కత్తెర గింత చప్పుడు జేస్తదా రెహానా, ఆకు కత్తిరిస్తే కిచకిచ అంటది, ఇన్నేండ్లు నాకు తెల్వదు, అని అమ్మీకి చెప్పి చెప్పి మురిసింది, అసలు ఆమెకు మిషిన్ కావలసింది నవ్వు కోసం, ఆడవాళ్లు పొద్దంతా బీడీలు చుడుతూ మాట్లాడుకుంటారు, ఎవరో ఏదో అంటారు, అందరూ గొల్లుమంటారు, గంగవ్వ ఆ ముఖాలన్నీ ఒకసారి చూసుకొని అప్పుడు నవ్వుతుంది, అప్పటికి మిగతావాళ్లు ఆపేసి ఉంటారు, ఆమె నవ్వు ఒక్కటే గల్లీలో కాసేపు మిగిలిపోతుంది, పదిహేడో రోజు మిషిన్ కూత పెట్టి ఆగిపోయింది, లోపలికి చెమట పోయింది, దానికి గ్యారంటీ లేదు, అన్నారు కంపెనీవాళ్లు.

మనిషి చెవి వెనక పెట్టుకునే వస్తువు మనిషి చెమటకే పాడైపోతే, అధ్యక్షా, వీళ్లు దీన్ని చెమట పట్టని మనుషులకే అమ్మాలి, ఆ వాక్యం తనదే, మొదటి వాయిదా నాడు నిలబడి ఆ మాట అన్నప్పుడు బల్ల వెనక కమిషన్ అధ్యక్షుడు కళ్లజోడు తీసి తనను చూశాడు, ఆ చూపు ఇప్పటికీ ఒంటి మీద ఉన్నట్టే ఉంటుంది, ఆ తర్వాత ఆయన గంగవ్వ వైపు తిరిగి నీ పేరేందమ్మా అని అడిగాడు, గంగవ్వ దండం పెట్టి, తిన్న సారూ, అంది, హాలంతా నవ్వింది, వకీళ్లు నవ్వారు, గుమస్తా నవ్వాడు, గంగవ్వ అందరి ముఖాలూ చూసి ఎప్పటిలాగే చివర్లో తానూ నవ్వింది, ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, కావాలనే ఆగి, ముస్కాన్ చెప్పింది, అధ్యక్షా, మా సాక్ష్యం ఇదే, ఇంతకంటే మా దగ్గర ఏమీ లేదు, హాలు ఒక్కసారిగా చల్లబడింది, ఆ చల్లదనం తన గొంతు నుంచి వచ్చింది, బయటికి రాగానే శ్రీనివాస్ సార్ వెన్ను తట్టి, పదేండ్ల ప్రాక్టీసున్నోళ్లకు గుడ రాదు గిది, అన్నాడు, ఆ రోజు తిరుగు బస్సులో గంగవ్వ ఏదో అడిగింది, చెయ్యి పట్టుకొని రెండుసార్లు అడిగింది, ఏమడిగిందో, తాను కిటికీలోంచి చూస్తూ అధ్యక్షుడి కళ్లజోడే తలచుకుంటోంది, తర్వాత చెప్త అవ్వా అన్నట్టు తలూపింది, ఇంతే గుర్తుంది.

రెండో వాయిదా నాడు కారిడార్లో కంపెనీ తరఫు మనిషి రాజేంద్రప్రసాద్ ఎదురొచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కొత్త డబ్బా, అమ్మా, ఇది ఇంకా మంచి మోడలు, ఇప్పుడే చేతిల పెడ్త, ఒక కాయితం రాసిచ్చి కేసు వాపస్ తీసుకోండ్రి, ముసలామెను ఎందుకు తిప్పుతరు, అన్నాడు, మర్యాదగానే అన్నాడు, అదే తట్టుకోలేకపోయింది ముస్కాన్, శ్రీనివాస్ సార్‌ను పక్కకు పిలిచి అడిగితే, నీ క్లయింటు, నీ ఇష్టం, కాకపోతే రాజీ అంటే నీ రికార్డుల ఒక్క పేజీ నిండదు, ఆర్డరొస్తే ముచ్చటే వేరు, పేపర్ల మన కాలేజీ పేరు పడ్తది, అని ఆయన టీకి వెళ్లిపోయాడు, చుట్టూ జనం, అరవడానికి సిగ్గేసింది, మామూలు గొంతుతోనే చెప్పింది గంగవ్వకు, అవ్వా వాళ్లు రాజీకొస్తుండ్రు, మనం ఒప్పుకోవద్దు, ఆర్డరొస్తే నష్టపరిహారం గుడ వస్తది, గంగవ్వ తన నోటి వంక చూసింది, డబ్బా వంక చూసింది, మళ్లీ తన నోటి వంక చూసి తలూపింది, ఆ సాయంత్రం హాస్టల్ గదిలో ఫ్యాను కింద కూర్చొని ప్రాక్టికల్ రికార్డులో చక్కటి అక్షరాలతో రాసుకుంది, క్లయింటుతో సంప్రదించి, ఆమె అభీష్టం మేరకు రాజీ ప్రతిపాదనను తిరస్కరించడమైనది, సంప్రదించి, అభీష్టం, ఎంత నిండుగా ఉన్నాయి ఆ మాటలు, సార్ వాటి కింద ఎర్ర పెన్నుతో వెరీగుడ్ అని రాశాడు.

ఆ తర్వాత వాయిదా ఇంటర్నల్ పరీక్షల్లో పడింది, ఎవరూ వెళ్లలేదు, కమిషన్ వాళ్లు ఇదే ఆఖరి అవకాశం అని రాసి ఇంకో తారీఖు ఇచ్చారు, ఆ తారీఖున హైదరాబాద్‌లో లా విద్యార్థుల వాదనల పోటీ, ఒవైస్‌ను అడిగింది, క్లాసులో పక్క బెంచీ వాడు, అన్నా ఒక్కసారి పోయి నిలబడు, వాయిదా అడుగు చాలు, అంటే చూస్త తియ్ అన్నాడు, చూస్త తియ్ అన్నవాడు వెళ్లడని ముస్కాన్‌కు ఆ క్షణమే తెలుసు, తెలిసీ పొద్దున ఫోన్ చేయలేదు, చేస్తే వాడు వెళ్లనంటాడు, వెళ్లనంటే తాను హైదరాబాద్ బస్సు దిగాలి, అందుకని చేయలేదు, ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోని మాట, గంగవ్వ పేరును కమిషన్ గుమస్తా మూడుసార్లు పిలిచి ఉంటాడే ఆ సమయానికి, తాను ఏసీ హాల్లో, లేని దేశంలో లేని మనిషి కొన్న ఫ్రిజ్జు పేలిపోయిన కేసులో, ఈ అభాగ్యుడికి న్యాయం చేయండి అధ్యక్షా అని గొంతు వణికించి వాదిస్తోంది, ఉత్తమ వక్త షీల్డు ఇచ్చారు, మర్నాడు ఫోన్లో కేసు నంబరు కొట్టి చూస్తే, ఫిర్యాది గైరుహాజరు, కొట్టివేయడమైనది, ఒక్క గీత, శ్రీనివాస్ సార్ విని ఒక నిమిషం గడ్డం గోక్కొని, అవుతుంటయి, ఫికర్ జెయ్యకు, నీ మార్కులు పంపేసిన, యాభైకి నలభై ఎనిమిది, గిట్లాంటియి జరిగితేనే నేర్చుకుంటం, అన్నాడు, నేర్చుకుంటం అంటే ఎవరు సార్ అని అడగాలనిపించి అడగలేదు, కేసు కొట్టేసి ఇవ్వాళ్టికి ఇరవై ఏడు రోజులు, నస్రుల్లాబాద్ వెళ్లిపోయింది, ఆ ఊరు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియలేదు, దిగేవాళ్లు సంచులు సర్దుకుంటున్నారు.

బాన్సువాడ బస్టాండులో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది, ఆటో ఎక్కకుండా నడిచింది, ఆలస్యం కావాలనే నడిచింది, బీడీ కార్ఖానా వెనక సందులోకి తిరగగానే తంబాకు ఘాటు, గోడ నీడన వరసగా ఏడెనిమిది మంది, చాటలు, తడిగుడ్డలో చుట్టిన ఆకులు, కత్తెరలు, వేళ్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆగయీ మేరీ బచ్చీ, అంది అమ్మీ తల ఎత్తకుండానే, గొంతులో బిడ్డ వచ్చిన సంబరం, గంగవ్వ మాత్రం చూడగానే చాట పక్కన పెట్టేసింది, రా బిడ్డా రా, ఎంత నల్లగైనవు, అంటూ పక్కన చోటు చూపించింది, ముస్కాన్ కూర్చుంది, అనుకున్నట్టే చేయి పట్టుకుంది, తంబాకు పసరుతో గరుకు తేలిన వేళ్లు, అనుకున్నట్టే మెల్లగా అంది, కేసు పోయిందవ్వా, గంగవ్వ తన నోటి వంక చూసింది, ముఖం వంక చూసింది, ఆ ముఖంలో ఏం కనబడిందో, కళ్లు పెద్దవి చేసి, పాసైనవా, అంది, అని వరసలో చివరి మనిషిదాకా వినబడేలా, ఇనుండ్రి, మన ముస్కాన్ పాసైందంట, వకీలైందంట, అని అరిచింది, కత్తెరలు ఆగాయి, మంచిగైంది పిల్లా, మిఠాయి ఏదీ, అన్నారు ఎవరో, అమ్మీ కళ్లు తుడుచుకుంటోంది, ఇది అబద్ధం కాదు కదా అనుకుంది ముస్కాన్, పాసైంది కదా, ఈ కేసు కాగితాలతోనే కదా పాసైంది, ఇప్పుడు లేచి ఇంట్లోకి పోతే చాలు, ఏమీ అననక్కర్లేదు, గంగవ్వకు ఎవరు చెబుతారు, ఎవరు చెప్పినా ఆమెకు ఎట్లా వినబడుతుంది, ఏళ్లు గడిచినా వాయిదా పడుతూనే ఉందనుకుంటుంది, ఎంత సులువు, ఒక్క నవ్వు నవ్వి లేచిపోవడం ఎంత సులువు, నడుము సగం లేపింది కూడా.

గంగవ్వ చేయి వదల్లేదు, ఇగ మన కేసు నువ్వే గెలిపిస్తవు, అంది, దాంతో ముస్కాన్ గొంతు దానంతట అదే పైకి లేచింది, పోయింది అవ్వా, కేసు పోయింది, కొట్టేసిండ్రు, అని అరిచింది, గోడలకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా, ఇంత గట్టిగా తాను కమిషన్ ముందు కూడా మాట్లాడలేదు, ఈసారి అందింది, గంగవ్వ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండి నెమ్మదిగా ఖాళీ అయింది, ఎందుకు పోయింది, నేను అబద్ధమాడుతున్నన్నరా, అంది, ముస్కాన్‌కు మొదట అర్థం కాలేదు, మిషిను నేనే ఖరాబు జేసిన్నన్నరా, జడ్జి నమ్మలేదా నన్ను, నా బిడ్డ మీద ఒట్టు, నీళ్లల్ల పెట్టలే నేను, తానం జేసినప్పుడు తీసి గూట్లె పెడ్తుంటి, రెహానాను అడుగు, అంటూ చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి ఒక్కొక్కరికీ చెబుతోంది, గూట్లె పెడ్తుంటి గదా, చూసిండ్రు గదా మీరు, అని, పరువు పోయిన మనిషి గొంతుతో, వాళ్లు అవునవునని తలలు ఊపుతున్నారు, జడ్జి నమ్మలేదు అన్న మాట ఎంత చక్కగా సరిపోతుంది, తనంతట తానే వచ్చి ఒళ్లో పడింది, పట్టుకుంటే చాలు, తల ఊపితే చాలు, జీవితమంతా ఆమె అబద్ధాలకోరుగా మిగులుతుంది, తాను వకీలుగా మిగులుతుంది, లేదవ్వా, అని అరిచింది ముస్కాన్, నువ్వేం తప్పు జెయ్యలే, నేను పోలే, వాయిదాకు నేను పోలే, రెండుసార్లు పోలే, పేరు పిలిస్తే ఎవలు లేరు, అందుకే కొట్టేసిండ్రు, ప్రతి ముక్కా రెండుసార్లు అరవాల్సి వచ్చింది, పోలే అన్నది మూడుసార్లు, పక్క సందు వాళ్లు కూడా తలుపుల్లోకి వచ్చారు, అమ్మీ చేతిలో సగం చుట్టిన బీడీ విడిపోయి తంబాకు ఒళ్లో రాలింది, దులుపుకోలేదు.

పోలేదా, అంది గంగవ్వ, ఏం బిడ్డా, జరమొచ్చిందా, ఎంత ఆశగా అడిగిందో, ఆ జ్వరం తనే తెచ్చి నుదుటి మీద పెడుతున్నట్టు, కాదు, అని అరిచింది ముస్కాన్, వేరే పోటీ ఉండె, హైదరాబాద్‌ల, ఇనాం వచ్చింది, ఇనాం అన్న మాటను అంత గట్టిగా అరవడం ఎట్లా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది, గంగవ్వ చాట తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది, ఆకు తీసింది, కత్తిరించలేదు, ఆకుతో చెప్పినట్టు, ఆ దినం ఆయన డబ్బా చూపెట్టిండు, నేను తీస్కుందామనుకున్న, చెయ్యి గుడ సాపిన, నువ్వు నా చెయ్యి పట్టి కిందికి దించినవు, సదువుకున్న పిల్ల గదా, దాని లెక్క ఏదో దానికుంటదని ఊకున్న, అంది, దించానా, అని వెతుక్కుంది ముస్కాన్, కారిడార్, ఇస్త్రీ చొక్కా, డబ్బా, ఆమె చూపు, తన మాటలు, అన్నీ ఉన్నాయి, చేయి మాత్రం లేదు, ఆమె చాపిన చేయి తన జ్ఞాపకంలో ఎక్కడా లేదు, రికార్డులోనూ లేదు, గంగవ్వ ఇంకా చెబుతూనే ఉంది, తన గొంతు ఎంత పెద్దదో తెలియని గొంతుతో, అంతకు ముందుగాల జడ్జి ఏందో అడిగితె నేనేందో చెప్పిన, అందరు నవ్విండ్రు, ఏం చెప్పిన్నో, ఏం తప్పు చెప్పిన్నో, బస్సుల నిన్నడిగిన, రెండుసార్లడిగిన, నువ్వు చెప్పలే, ఇప్పటికి నాకు తెల్వదు, ఇగ వద్దు బిడ్డా, ఆ కోర్టు మెట్లు ఇగ ఎక్క, ఇంకో కాయితం మీద వేలు పెట్ట, వద్దు, అని ఆకును కత్తెరకు అందించింది, ముఖం చాటలోకి వంచింది, ఆమె ముఖం వంచితే ఇక ఎవరి మాటా ఆమెదాకా వెళ్లదు, గల్లీలో అందరికీ తెలిసిన సంగతే అది, ఆమె దగ్గరున్న తలుపు అదొక్కటే.

ముస్కాన్ లేచి నిలబడింది, ఎండ నెత్తిమీదికి వచ్చి గోడ నీడ కాళ్ల దగ్గరికి జరిగింది, అప్పీలుకు ఇచ్చే నలభై ఐదు రోజుల్లో ఇంకా పద్దెనిమిది ఉన్నాయి, హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్ ఉంది, అప్పీలు వేయవచ్చు, ప్రతినిధి చేసిన తప్పుకు కక్షిదారును శిక్షించరాదు, ఈ వాక్యం మొదటి పేజీలోనే రావాలి, ఫిర్యాది వృద్ధురాలు, బీడీ కార్మికురాలు, వినికిడి లేని కారణంగా వాయిదా తారీఖు ఫోన్లో చెప్పినా తెలుసుకోలేని స్థితిలో ఉన్నది, అవును, ఇది బలమైన పాయింటు, ఏ వస్తువు పనిచేయక ఆమె న్యాయం కోరిందో ఆ వస్తువు లేకపోవడం వల్లనే న్యాయం ఆమెకు అందలేదు, అధ్యక్షా, ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఆగి తర్వాతి మాట మెల్లగా అనాలి, అని వాక్యాలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తుంటే ఎండ తెలియలేదు, గల్లీ తెలియలేదు, గుండెలో ఏదో వెచ్చగా కదిలింది, బాగుంది, చాలా బాగుంది అనిపించింది, అట్లా అనిపించిన చోటనే ఆగిపోయింది, ఆమె వద్దని చెప్పి ఇంకా నిమిషం కాలేదు, అందరూ విన్నారు, తాను అప్పుడే రాయడం మొదలుపెట్టింది, ఈ అప్పీలు గంగవ్వకు కాదు, తన మీద పడిన మచ్చ తుడుచుకోవడానికి మళ్లీ ఆమె వేలిముద్రే కావాలి తనకు, ఇన్ని నెలల్లో క్లయింటు తనకు ఇచ్చిన మొదటి ఆదేశం, తాను విన్న మొదటి ఆదేశం, వద్దు అన్నది, దానికి కట్టుబడి ఉండటం తప్ప ఆమె తరఫున తాను చేయగలిగిన పని ఇక ఏదీ మిగల్లేదు.